పేరు ఒకటే, రికార్డులు బోలెడు: కాళ్ళకు గుర్తున్న ఒక జాజ్ పాట వెతుకులాట

“గుడ్‌మన్... సవాయ్!” అని డీజే నా చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు. హాలంతా గోలగోలగా ఉంది. నేను తలూపి, చెమట తుడుచుకుంటూ మంచినీళ్ళ వైపు వెళ్ళిపోయాను. పాట పేరు తెలిసింది, వాయించినాయన పేరు తెలిసింది, ఇంటికెళ్ళి వెతికితే రెండు నిమిషాల పని అనుకున్నాను. మూడు వారాలు పట్టింది.

అమెరికా వచ్చిన రెండో ఏడు చలికాలంలో, ఆఫీసు స్నేహితురాలు లాక్కెళ్తే లిండీ హాప్ క్లాసులో చేరాను. శుక్రవారం సాయంత్రం, చర్చి కింద చెక్క నేల ఉన్న హాలు. మొదటి గంట పాఠం, ఆ తర్వాత ఎవరు చెయ్యందిస్తే వాళ్ళతో డాన్సు. లిండీ హాప్ 1920ల చివర్లో న్యూయార్క్ హార్లెమ్‌లో నల్లవాళ్ళ మధ్య పుట్టిన జంట డాన్సు. దాని మూల అడుగు ఎనిమిది దెబ్బల్లో పూర్తవుతుంది. మన ఆదితాళం ఆవర్తనం లాగే ఎనిమిది. చిన్నప్పుడు తొడ మీద తాళం వేసిన అలవాటు ఇక్కడ అక్కరకొస్తుందనుకున్నాను గానీ నాలుగు నెలల పాటు కాళ్ళు ఒకచోట, తాళం ఒకచోట. ఆ రాత్రి ఆ పాటకు మాత్రం లెక్కపెట్టుకోవాల్సిన పనే రాలేదు. కాళ్ళు వాటంతటవే నడిచాయి. అందుకే నాకు ఆ రికార్డే కావాలి.

‘ఆ పాట’ అనడం లేదు, ‘ఆ రికార్డు’ అంటున్నాను. చిక్కంతా అక్కడే ఉంది.

జాజ్‌లో స్టాండర్డ్ అంటే అందరూ వాయించే పాట. మనవాళ్ళకు చెప్పాలంటే కీర్తన లాంటిది. త్యాగరాజ కీర్తన ఒకటే, బాలమురళి పాడితే ఒకలా, ఎమ్మెస్ పాడితే మరోలా ఉంటుంది. బాలమురళి పాడినవే రెండు కచేరీలు పక్కపక్కన పెట్టి వింటే కల్పనస్వరాలు ఒకలా ఉండవు. జాజ్ కూడా అంతే. పాట ఎముకల గూడు మాత్రమే, మాంసం ఆ పూట వాయించినవాళ్ళు పెడతారు. ‘పాట పేరేంటి?’ అని అడిగితే ‘ఏ కీర్తన?’ అని అడిగినట్టే. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అన్న మూడు ప్రశ్నలు ఇంకా మిగిలే ఉంటాయి.

డీజే చెప్పిన పాట ‘స్టాంపిన్ ఎట్ ద సవాయ్’. సవాయ్ అంటే హార్లెమ్‌లోని సవాయ్ బాల్‌రూమ్. 1926 మార్చి 12న లెనాక్స్ అవెన్యూలో, 140, 141 వీధుల మధ్య మొదలైంది. మేడ మీద ఒక వీధి పొడవునా హాలు, రెండు వేదికలు. ఒక బ్యాండు దిగేసరికి రెండోది అందుకునేది, డాన్సు ఆగేది కాదు. నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు ఒకే నేల మీద కలిసి ఆడటానికి వీలున్న అతికొద్ది చోట్లలో అదొకటి. 1958లో మూసేశారు, తర్వాత కూల్చేశారు. లిండీ హాప్ వాళ్ళకు ఆ పేరు వింటే మనవాళ్ళు తిరువయ్యూరు తలుచుకున్నట్టే.

పాట కట్టింది ఎడ్గర్ శాంప్సన్. శాక్సఫోన్ వాయించేవాడు, బ్యాండులకు పాటలు అమర్చిపెట్టేవాడు. ఆయన వెంట ఈ పాట చిక్ వెబ్ బ్యాండులోకి వచ్చింది. వెబ్ డ్రమ్మర్. చిన్నప్పుడే వెన్నెముకకు క్షయ వచ్చి గూని మిగిలింది, మనిషి చాలా పొట్టి, కానీ సవాయ్‌కి రాజు ఆయనే. 1934లో వెబ్ బ్యాండు దీన్ని రికార్డు చేసింది. 1936 జనవరిలో షికాగోలో క్లారినెట్ వాయించే బెన్నీ గుడ్‌మన్ బ్యాండు మళ్ళీ రికార్డు చేసింది. దేశమంతటా మోగింది ఆ రెండోదే. గుడ్‌మన్ తెల్లవాడు, రేడియోలో పేరు మోగిపోతున్నవాడు. స్వరకర్తల వరసలో శాంప్సన్ పక్కన వెబ్, గుడ్‌మన్ పేర్లు కూడా చేరాయి. బ్యాండు నాయకుడి పేరు కూడా ఇలా ఎక్కించుకోవడం అప్పట్లో మామూలే. మామూలైనంత మాత్రాన న్యాయం అనుకోను. 1937 మే 11న ఈ రెండు బ్యాండులూ సవాయ్‌లోనే ఎదురెదురు వేదికల మీద పోటీ పడ్డాయి. గెలిచింది వెబ్ అని అందరూ ఒప్పుకున్న మాట. గుడ్‌మన్ డ్రమ్మర్ జీన్ క్రూపా కూడా ఒప్పుకున్నాడు.

కథ బాగానే ఉంది గానీ, నా రికార్డు ఏది?

మొదట దొరికింది 1936 జనవరిది. నిండు బ్యాండు. ట్రంపెట్లు ఒక గుంపుగా పలికితే శాక్సఫోన్లు బదులిస్తాయి. బాగుంది, కానీ నాది కాదు. ఆ రాత్రి నేను విన్నదాంట్లో ట్రంపెట్ లేదు. సన్నటి క్లారినెట్, దాని పక్కన జలతరంగంలాంటి మోత ఒకటి, కాస్త వణుకుతూ. ఇంకొకటి కూడా గుర్తుంది. కింద బేస్ లేదు, అంటే మంద్రంలో దెబ్బ వేసే పెద్ద తీగల వాద్యం లేదు. డాన్సు చేసేవాడికి ఇది వెంటనే తెలుస్తుంది. బేస్ ఉంటే అది ప్రతి అడుగునూ నేలకు దింపుతుంది, లేకపోతే పాట నేలకు జానెడు పైన తేలుతున్నట్టు ఉంటుంది.

ఈ మూడు గుర్తులే తాళం తీశాయి. వణికే మోత వైబ్రఫోన్‌ది. లోహపు పలకలను మెత్తటి సుత్తులతో కొడతారు. కింద గొట్టాల మూతి దగ్గర చిన్న బిళ్ళలు మోటారుతో తిరుగుతుంటాయి, వణుకు వాటివల్ల వస్తుంది. క్లారినెట్, వైబ్రఫోన్, పియానో, డ్రమ్ములు ఉండి, బేస్ లేని గుంపు అంటే గుడ్‌మన్ క్వార్టెట్, అంటే నలుగురి జట్టు. లయనెల్ హాంప్టన్ వైబ్రఫోన్, టెడ్డీ విల్సన్ పియానో, క్రూపా డ్రమ్ములు. ఇద్దరు నల్లవాళ్ళు, ఇద్దరు తెల్లవాళ్ళు జనం ముందు ఒకే వేదిక మీద కూర్చోవడం 1936లో చిన్న విషయం కాదు. హాంప్టన్ చేరింది ఆ ఏడాది ఆగస్టులో, కాబట్టి నా రికార్డు దానికి ముందుది అయ్యే అవకాశమే లేదు.

ఇలా వెతకడం ఒకసారి రుచి తగిలాక మానలేం. పేరు పట్టుకుని వెతికితే వంద దొరుకుతాయి. ఏది కుదరదో చూసుకుంటూ కొట్టేసుకుంటూ పోతే నాలుగు మిగులుతాయి. ఉదాహరణకు, చిక్ వెబ్ 1934 రికార్డు అని పేరు పెట్టి, అందులో గాయని ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ పాడుతోందని ఎవరైనా అంటే నమ్మకండి. ఎల్లా వెబ్ బ్యాండులో చేరింది 1935లో. పైగా వెబ్ వాయించింది మాటల్లేని పాట, ఆండీ రజాఫ్ దానికి మాటలు రాసింది తర్వాత. ఎల్లా గొంతు వినిపిస్తుంటే, ఎక్కువగా అది 1957లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌తో కలిసి పాడినది అయి ఉంటుంది.

నిడివి ఇంకో గట్టి సాక్షి. మామూలు పది అంగుళాల 78 రికార్డు (నిమిషానికి 78 చుట్లు తిరిగేది) ఒక వైపు మూడు నిమిషాల చిల్లర పడుతుంది, అంతే. 1930ల స్టూడియో పాటలన్నీ ఆ చట్రంలో ఒదిగినవే. గుడ్‌మన్ 1937లో ‘సింగ్ సింగ్ సింగ్’ రికార్డు చేసినప్పుడు ఎనిమిది నిమిషాలు దాటితే పన్నెండు అంగుళాల రికార్డుకు రెండు వైపులా పరచాల్సి వచ్చింది. కాబట్టి 1936 అని పేరుండి ఐదారు నిమిషాలు సాగే ఫైలు కనబడితే ఎక్కడో తిరకాసు ఉన్నట్టే. అది రేడియోలో పట్టుకున్నదో, కచేరీదో, ఇరవై ఏళ్ళ తర్వాతి ఎల్‌పీదో (ఎక్కువసేపు మోగే రికార్డు) అయ్యుంటుంది.

నాకు రెండోసారి దొరికింది సరిగ్గా అలాంటిదే. క్లారినెట్ ఉంది, వైబ్రఫోన్ ఉంది, బేస్ లేదు. ఎగిరి గంతేశాను. ఐదు నిమిషాలు దాటినా అయిపోదు, చివర్లో చప్పట్లు! అది 1938 జనవరి 16న కార్నెగీ హాల్ కచేరీ. ఆ రాత్రి వేదిక పైన వేలాడదీసిన మైకుతో రికార్డు చేశారు. ఆ డిస్కులు పన్నెండేళ్ళు మూలన పడి, 1950లో ఎల్‌పీగా వచ్చి విపరీతంగా అమ్ముడుపోయాయి. గొప్ప కచేరీ, సందేహం లేదు. కానీ అక్కడివాళ్ళు కుర్చీల్లో కూర్చుని విన్నారు. నేను ఆడింది దానికి కాదు.

మూడోది ఇంకా మోసం చేసింది. గుడ్‌మన్ జీవితం మీద హాలీవుడ్ తీసిన సినిమా కోసం 1955లో ఆయనే ఈ పాటలన్నీ కొత్తగా వాయించాడు. తెర మీద నటుడు స్టీవ్ అలెన్, వినబడేది గుడ్‌మన్ క్లారినెట్. ఆ సినిమా పాటల్లో ఇదీ ఉంది. వాయించినాయన అదే, పాట అదే, పేరు అదే, రికార్డు వేరు. కిరకిర లేకుండా శుభ్రంగా ఉంటుంది కాబట్టి పాత పాటల గుత్తుల్లో ఇలాంటివే ఎక్కువగా జొరబడతాయి. మన పాత సినిమా పాటల్లో తెర మీద విన్న చరణం రికార్డులో లేక తల గోక్కున్నవాళ్ళకు ఈ బాధ కొత్త కాదు.

ఇంత గందరగోళం ఎందుకు? సగం కారణం కాపీరైట్‌లో ఉంది. యూరప్‌లో చాలాకాలం సౌండ్ రికార్డింగుకు హక్కు 50 ఏళ్ళే. తర్వాత 70కి పెంచినా, అప్పటికే గడువు తీరిన 1930లు, 40లు, 50ల పాటలు మళ్ళీ హక్కులోకి రాలేదు. మన దేశంలో 60 ఏళ్ళు. అమెరికాలో మాత్రం 2018లో చేసిన చట్టం ప్రకారం 1936 రికార్డు 2036 చివరిదాకా హక్కులోనే ఉంటుంది. దాంతో యూరప్‌లో చిన్నా పెద్దా కంపెనీలు పాత 78లను, ఎల్‌పీలను కంప్యూటర్లోకి ఎక్కించి గుత్తులు గుత్తులుగా సీడీలు వదిలాయి. అవే తర్వాత స్ట్రీమింగ్‌లోకి వచ్చిపడ్డాయి. అట్ట మీద ‘బెస్ట్ ఆఫ్ స్వింగ్’ అని ఉంటుంది, ఏడాది దగ్గర 2009 అని ఉంటుంది. 2009 ఆ సీడీ పుట్టిన సంవత్సరం, పాట పుట్టింది కాదు. వలయంలో పీ అక్షరం పక్కన కనిపించే ఏడాదిని చూసి రికార్డు తేదీ అనుకోవడం అందరూ చేసే పొరపాటు. నేనూ చేశాను. ప్రతి రికార్డింగుకూ ఒకే గుర్తింపు సంఖ్య ఉండాలని ఐఎస్ఆర్‌సీ అనే ఏర్పాటు ఉంది. కానీ ఎవరికి వాళ్ళు తమ ఎక్కింపుకు తమ సంఖ్య వేసుకుంటారు. ఒకే మూడు నిమిషాలకు పది ఆధార్ కార్డులన్నమాట.

పాటను విని పేరు చెప్పే ఫోన్ యాప్‌లు కూడా ఈ మురుగులోంచే నీళ్ళు తోడతాయి. రికార్డును సరిగ్గానే పట్టుకుంటాయి, కాకపోతే ఏదో గుత్తి పేరు చెబుతాయి. దాంతో మీరు బయల్దేరిన చోటికే వస్తారు. పైగా డాన్సు హాల్లో వంద కాళ్ళ చప్పుడు మధ్య వాటికి ఏమీ వినబడదు.

అసలు దారి వేరే ఉంది. 78 రికార్డులకు రెండు నంబర్లు ఉంటాయి. ఒకటి లేబుల్ మీది కేటలాగ్ నంబరు, దుకాణంలో అడిగి కొనుక్కోవడానికి. రెండోది మేట్రిక్స్ నంబరు. స్టూడియోలో ఆ రోజు ఆ పాటను మైనం పళ్ళెం మీద కోసినప్పుడు వేసిన నంబరు అది. దాని చివర టేక్ నంబరు ఉంటుంది. మొదటిసారి వాయించింది నచ్చకపోతే రెండోసారి, మూడోసారి వాయించేవారు. ఆశువుగా వాయించే పాట కాబట్టి ఒక టేకులోని సోలో (ఒక్కరే వాయించే భాగం) ఇంకోదాంట్లో ఉండదు. దుకాణం నంబరు మారుతూ పోవచ్చు, దేశానికొక లేబుల్ మీద రావచ్చు. మేట్రిక్స్ మాత్రం జాతకం లాంటిది, మారదు. శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళు పాత అమెరికన్ రికార్డుల జాతకాలను పోగుచేసి ఉచితంగా చూసుకునేలా పెట్టారు. విక్టర్, కొలంబియా, డెక్కా లాంటి కంపెనీల చిట్టాలు. ఏ రోజు, ఏ ఊళ్ళో, ఎవరెవరు, ఎన్ని టేకులు అన్నీ ఉంటాయి. అక్కడ వెతికేటప్పుడు పాట పేరు ఒక్కటే కొట్టి ఊరుకోకుండా వాయించిన మనుషుల పేర్లు, ఏడాది కలిపి వెతకాలి. వెతకాల్సింది పాటను కాదు, ఒక రోజును.

ఆ రోజు దొరికింది. 1936 డిసెంబరు 2, న్యూయార్క్, విక్టర్ కంపెనీ. క్వార్టెట్. మూడు నిమిషాల చిల్లర.

(ఏళ్ళు చూసుకునేటప్పుడు ఇంకో మాట. 1942 ఆగస్టు 1 నుంచి అమెరికా సంగీతకారుల సంఘం రికార్డింగు మానేసింది. డెక్కా ఏడాదికి దారికొచ్చింది, విక్టర్, కొలంబియా 1944 నవంబరు దాకా రాలేదు. కాబట్టి ‘విక్టర్, 1943, బిగ్ బ్యాండ్’ అని కనబడితే ఒకటికి రెండుసార్లు చూడండి. అది రేడియోదో, సైనికుల కోసం చేసిన వీ-డిస్కో అయి ఉంటుంది.)

దొరికిందిలే అని శుక్రవారం దాకా ఆగకుండా వంటింట్లోనే పెట్టుకుని ఆడాను. నేల టైల్స్, కాళ్ళకు మేజోళ్ళు. అన్నీ సరిపోయాయి. హాంప్టన్ వణుకు అదే, మలుపులు అవే, ముగింపు అదే. కానీ ఏదో వెలితి. పాట కొంచెం బద్ధకంగా నడుస్తున్నట్టు అనిపించింది. ఆ రాత్రి నన్ను నడిపించిన ఊపు లేదు. నా ఊహేమో అనుకున్నాను.

ఊహో నిజమో లెక్కవేసి చూడొచ్చు. ఈ పాట 32 బార్లది. బారుకు నాలుగు దెబ్బలు, మొత్తం 128. అంటే ఎనిమిదేసి దెబ్బల ఆవర్తనాలు పదహారు. మొదటి వరస రెండుసార్లు, మధ్యలో వేరే వరస ఒకసారి, మళ్ళీ మొదటిది. అనుపల్లవి నుంచి పల్లవికి తిరిగి వచ్చినట్టు, మధ్య వరస అయిపోయి మొదటిది తిరిగొచ్చే చోటు చెవికి స్పష్టంగా తెలుస్తుంది. నిమిషానికి 160 దెబ్బల పాటైతే ఒక చుట్టు 48 సెకన్లలో తిరుగుతుంది. 170 అయితే 45 సెకన్లు. గడియారం పెట్టుకుని ఒక చుట్టు కొలిస్తే చాలు, దెబ్బలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోనక్కర్లేదు.

మరుసటి శుక్రవారం డీజేని బతిమాలి, ఆ పాటను మళ్ళీ వేయించుకుని ఒక మూల నిలబడి కొలిచాను. ఆయన ఫైలు నా దానికంటే నిమిషానికి పది దెబ్బల పైచిలుకు వేగంగా ఉంది. మొత్తం నిడివి కూడా పది సెకన్లకు పైన తక్కువ. వేరే టేకా? సోలోలు స్వరం తప్పకుండా అవే. మరి?

మా అక్క తన సంగీతం పాఠాల కోసం ఎప్పుడో నా ఫోన్లో శ్రుతిపెట్టె యాప్ వేసింది. దాన్ని తీసి చెవికి ఆనించుకున్నాను. ఇంట్లో విన్నదానికీ హాల్లో విన్నదానికీ శ్రుతిలో తేడా ఉంది. ఒకటికీ ఒకటిన్నరకీ ఉన్నంత. హార్మోనియం మీద పక్క మెట్టు.

ఇక విషయం అర్థమైపోయింది. పళ్ళెం వేగంగా తిరిగితే పాట వేగమూ పెరుగుతుంది, శ్రుతీ పెరుగుతుంది. ఒక మెట్టు పెరగాలంటే వేగం దాదాపు 6 శాతం ఎక్కువ ఉండాలి. నిమిషానికి 78 చుట్లు తిరగాల్సింది 82, 83 తిరిగితే చాలు. కంప్యూటర్లో వేగం మాత్రం పెంచి శ్రుతిని అలాగే ఉంచొచ్చు, చాలామంది డీజేలు ఆ పని చేస్తారు. ఇక్కడ రెండూ కలిసి పెరిగాయి కాబట్టి ఇది ఆ పని కాదు, తిరిగిన పళ్ళెం పనే అయి ఉంటుంది. ఎవరో ఎప్పుడో 78ని ఎక్కించేటప్పుడు పళ్ళెం కాస్త గబగబా తిరిగి ఉంటుంది.

డీజేకి చెప్పాను. ఆ ఫైలు ఇరవై ఏళ్ళ కిందట ఒక పెద్దాయన ఇచ్చిన క్యాసెట్టు నుంచి వచ్చిందట. ల్యాప్‌టాప్ తిప్పి చూపించాడు. ‘గుడ్‌మన్ సవాయ్ 1935’ అని ఉంది. ఏడాది కూడా తప్పే. సరైన రికార్డు నా దగ్గర ఉంది, పంపిస్తానన్నాను. ఫైలు పేరులో 1936 అని మార్చుకున్నాడు, పాటను మాత్రం మార్చనన్నాడు.

“మీ సరైనదానికి ఎప్పుడైనా ఆడి చూశారా?” అని అడిగాడు.

ఆడానని చెప్పలేదు. ఆ క్యాసెట్టు ఫైలు ఒక కాపీ ఇవ్వగలరా అని మాత్రం అడిగి, జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాను.